వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్లు తిరగడం, వికారం: తరచుగా అడిగే ప్రశ్నలు

హెడ్‌సెట్ పెట్టుకున్న కొద్ది నిమిషాలకే కడుపులో తిప్పుతోంది. ఎందుకిలా జరుగుతుంది?

మనం కదులుతున్నామా, ఉన్నచోటే ఉన్నామా అన్న సంగతిని మెదడు కంటిచూపు ఒక్కదాని మీదే ఆధారపడి తేల్చుకోదు. ప్రతి చెవి లోపలి భాగంలో ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల ఏ వైపుకు, ఎంత చురుగ్గా తిరుగుతోందో అవి పసిగడతాయి. వాటి పక్కనే ఉన్న రెండు చిన్న సంచులు, తమలోని సున్నపు రేణువుల సాయంతో, తిన్నగా సాగే కదలికలో వేగం పెరగడాన్నీ తగ్గడాన్నీ, తల ఎటు వంగి ఉందన్న విషయాన్నీ తెలియజేస్తాయి. కండరాలు, కీళ్లు, పాదాల కింద పడే ఒత్తిడి మరికొంత సమాచారం అందిస్తాయి. నిత్యజీవితంలో ఇవన్నీ ఒకే మాట చెబుతాయి గనుక వాటి ఉనికే మనకు గుర్తుండదు. వీఆర్ ఆటలో జాయ్‌స్టిక్‌ను (చేతిలోని కంట్రోలర్ మీద వేలితో కదిపే చిన్న పుల్లను) ముందుకు నొక్కగానే కళ్ల ముందున్న లోకమంతా వెనక్కు సాగిపోతుంది. అప్పుడు కళ్లు నడుస్తున్నామని చెబుతాయి, చెవీ పాదాలూ నిలబడే ఉన్నామని చెబుతాయి. ఈ వైరుధ్యమే వికారానికి మూలమన్న వాదాన్ని రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో సమగ్రంగా వివరించారు. ఇంద్రియాలు ఒకదానితో ఒకటి విభేదించడం ఒక్కటే కాదు, గత అనుభవాన్ని బట్టి మెదడు ఆశించిన దానికి అవి భిన్నంగా ఉండడం కూడా ఇందులో ముఖ్యమని వారి వాదం.

బస్సులోనో, పడవలోనో వచ్చే వికారం, ఇది ఒకటేనా?

మూలం ఒకటే, కానీ దిశ తలకిందులు. కదిలే బస్సులో పుస్తకం చదివేవారి శరీరం కుదుపులను అనుభవిస్తుంది, కళ్లకు మాత్రం కదలని పేజీ కనిపిస్తుంది. హెడ్‌సెట్‌లో కళ్లకు కదలిక కనిపిస్తుంది, శరీరం కదలదు. లోపలి చెవిలోని సమతుల్య వ్యవస్థ రెండు వైపులా పూర్తిగా దెబ్బతిన్నవారికి ఓడ ఎంత ఊగినా వికారం రాదన్న విషయం చాలాకాలంగా తెలిసినదే. ఈ వ్యవహారంలో చెవి పాత్ర ఎంతటిదో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

లక్షణాల్లో కొంత తేడా ఉంది. సముద్ర ప్రయాణంలో వాంతులే ప్రధాన బాధ. హెడ్‌సెట్ వాడేవారిలో వాంతి దాకా వెళ్లేవారు తక్కువే గానీ, తల తిరగడం, తూలుతున్నట్టు అనిపించడం, కళ్లు లాగడం, నుదుటి దగ్గర నొప్పి ఎక్కువగా కనిపిస్తాయి. ఈ రంగంలో పరిశోధకులు నేటికీ వాడే ప్రశ్నావళిని కెన్నెడీ బృందం 1993లో రూపొందించింది. అందులో పదహారు లక్షణాలు ఉన్నాయి. అవి వికారం, కంటి శ్రమ, దిక్కుతోచనితనం అనే మూడు వర్గాల కిందికి వస్తాయి. మీ బాధ వీటిలో ప్రధానంగా ఏ వర్గానికి చెందినదో ముందుగా గుర్తించండి. కడుపులో తిప్పడానికీ, కళ్లు లాగడానికీ కారణాలు వేరు, పరిష్కారాలు కూడా వేరు. ఈ రెండింటినీ కలగలిపి ఒకే చిట్కా చెప్పే సలహాలను నమ్మకపోవడమే మంచిది.

కంటికీ చెవికీ పొత్తు కుదరకపోతే మధ్యలో కడుపు ఎందుకు బాధపడాలి?

దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. 1977లో ట్రైస్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక ఊహను ముందుకు తెచ్చారు. విషపదార్థం తిన్నప్పుడు కూడా చూపు, సమతుల్యం పొందిక తప్పుతాయి కాబట్టి, అలాంటి తేడా కనబడగానే తిన్నదాన్ని బయటకు పంపడం శరీరం నేర్చుకున్న ఆత్మరక్షణ అయి ఉంటుందని ఆయన అభిప్రాయం. 1991లో రిచియో, స్టాఫ్రెజెన్ మరో దారి పట్టారు. వారి ప్రకారం అసలు చిక్కు ఇంద్రియాల వైరుధ్యంలో లేదు. కొత్త పరిస్థితిలో శరీరాన్ని నిలకడగా ఉంచుకోలేకపోవడమే వికారానికి దారి తీస్తుంది. మొదటి ఊహ వినడానికి ఎంతో చక్కగా ఉంటుంది. వాడేవారికి పనికివచ్చే సూచనలు మాత్రం రెండో వాదం నుంచే ఎక్కువ వస్తాయి, ఎందుకంటే నిలకడగా నిలబడే విధానాన్ని మనం మార్చుకోగలం.

వీఆర్ వచ్చాకే ఈ సమస్య పుట్టిందా?

కాదు. పైలట్ల శిక్షణకు వాడే హెలికాప్టర్ సిమ్యులేటర్‌లో (నేల మీదే ఉండి హెలికాప్టర్ నడుపుతున్న అనుభవాన్నిచ్చే యంత్రంలో) ఇలాంటి వికారం కలిగిందన్న నివేదిక 1957 నాటిది. నిజమైన హెలికాప్టర్లు నడిపి ఆరితేరిన శిక్షకులే కొత్తగా నేర్చుకునేవారికన్నా ఎక్కువ బాధపడ్డారన్నది ఆ తొలి రోజుల అధ్యయనాల్లో ఆసక్తికరమైన సంగతి. అసలు కదలిక ఎలా ఉంటుందో వారి శరీరానికి బాగా తెలుసు, అందుకే నకలులోని లోటు వారికే ముందుగా తగిలింది. వికారం వచ్చినవారిని పిరికివారనో, సున్నితమైనవారనో ఎగతాళి చేసేవారు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

వికారం మొదలవుతోందని ముందుగా ఎలా తెలుస్తుంది?

కడుపులో తిప్పడం కన్నా ముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఉన్నట్టుండి ఉక్కగా అనిపించడం, నుదుటి మీద చల్లని చెమట, నోట్లో నీళ్లూరడం, ముఖం పాలిపోవడం, మాటిమాటికీ ఆవులింతలు రావడం వాటిలో ముఖ్యమైనవి. కొందరికి వికారమేమీ లేకుండా విపరీతమైన మగత, దేని మీదా ఆసక్తి లేకపోవడం మాత్రమే కలుగుతాయి. దాన్ని అలసట అనుకుని ఆటను కొనసాగిస్తారు. అది కూడా చలన వికారంలో ఒక రూపమేనని 1970లలోనే పరిశోధకులు గుర్తించారు.

ఈ గుర్తుల్లో ఏది కనబడినా వెంటనే కళ్లు మూసుకుని, అలాగే హెడ్‌సెట్ తీసేసి, దూరంగా ఉన్న కదలని వస్తువును చూస్తూ కూర్చోవాలి. ఈ దశలో ఆపితే చాలామందికి కాసేపట్లోనే తగ్గిపోతుంది. ఈ ఘట్టం ఒక్కటి పూర్తిచేసి ఆపేద్దామనుకుని కొనసాగించినవారు మిగిలిన రోజంతా పడుకోవలసి రావడం నేను చాలాసార్లు చూశాను. హెడ్‌సెట్ తీసిన తర్వాత కూడా కొంతసేపు బాధ పెరుగుతూనే ఉండవచ్చు. కాబట్టి భరించలేని స్థితి వచ్చాక ఆపడమంటే ఆలస్యంగా ఆపడమే.

ఓర్చుకుని ఆడుతూ ఉంటే అదే అలవాటవుతుందని అంటారు. నిజమేనా?

సగం నిజం. మిగతా సగం హాని చేసేది. అలవాటు పడడం అనేది నిజంగా ఉంది: ఒకే రకమైన అనుభవాన్ని విరామాలిస్తూ పలుమార్లు పొందినప్పుడు మెదడు కొత్త పొందికను నేర్చుకుంటుంది, మొదట్లో కష్టపెట్టిన దృశ్యాలు తరవాత ఏమీ అనిపించవు. ఆ నేర్చుకోవడం వికారం రాకముందే ఆపిన చిన్న చిన్న విడతల్లో బాగా జరుగుతుంది. పళ్లు బిగబట్టి వాంతి అంచు దాకా వెళ్లినవారి మెదడు నేర్చుకునేది వేరే పాఠం: ఈ వస్తువు తనకు హాని చేస్తుందని. ఒకసారి తిని వాంతి చేసుకున్న పదార్థం వాసన తగిలితేనే డోకు వచ్చినట్టు, ఆ తరవాత హెడ్‌సెట్ స్పాంజి వాసనకే, లేదా ఆట మొదట్లో వచ్చే సంగీతానికే కడుపులో తిప్పడం మొదలవుతుంది. అంత దూరం వచ్చాక వెనక్కు రావడానికి చాలా ఓపిక కావాలి.

కాబట్టి మొదట్లో ఐదు, పది నిమిషాలతో ఆపేయండి. బాగానే ఉందనిపించినా ఆపేయండి. మరుసటి రోజు మళ్లీ మొదలుపెట్టి, ఇబ్బంది లేకపోతే కొద్దికొద్దిగా సమయం పెంచండి. ఒక రకం కదలికకు అలవాటు పడితే అన్నిటికీ అలవాటు పడినట్టు కాదు. నడక ఆటలో హాయిగా ఉన్నవారు విమానం నడిపే ఆటలో మళ్లీ మొదటికి రావచ్చు. చాలా వారాలు వాడకుండా ఉంటే ఆ అలవాటు కొంత సడలిపోతుంది కూడా.

ఎలాంటి ఆటలు, అనుభవాలు తేలికగా ఉంటాయి?

నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఏ కంపెనీ హెడ్‌సెట్ అన్నదానికన్నా, తెర మీది కదలికను ఎవరు నడుపుతున్నారన్నదే వికారాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. మీరు తల తిప్పితే దృశ్యం తిరిగి, మీరు అడుగు వేస్తే దృశ్యం అంతే జరిగి, మిగతా సమయంలో లోకం నిశ్చలంగా ఉంటే, కంటికీ చెవికీ తగువే లేదు. ఉన్నచోట నిలబడి చేతులతో ఆడే ఆటలు, బొమ్మలు గీసే, వస్తువులు పేర్చే అనుభవాలు, బల్ల మీది ఆటలు ఈ కోవకు చెందుతాయి. వీటిలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది రోలర్ కోస్టర్ అనుభవం. విచిత్రమేమిటంటే, కొత్తవారికి హెడ్‌సెట్ రుచి చూపించడానికి చాలామంది మొదట ఎంచుకునేది దాన్నే. ఎక్కడం, జారడం, మలుపులు, హఠాత్తుగా ఆగడం అన్నీ అందులో ఉంటాయి, వాటిలో ఒక్కటి కూడా చూసేవారి అదుపులో ఉండదు. మంచి ఉద్దేశంతో పెట్టిన ఆ రెండు నిమిషాల వల్ల ఈ సాధనం మీదే శాశ్వతంగా విరక్తి పెంచుకున్నవారు ఎందరో ఉన్నారు.

ఈ రెంటికీ మధ్య ఉన్నవి జాయ్‌స్టిక్‌తో నడిచే ఆటలు. వీటిలో గమనించవలసిన విషయం ఒకటుంది. లోపలి చెవి వేగాన్ని గుర్తించదు, వేగంలో మార్పును మాత్రమే గుర్తిస్తుంది. అందుకే తిన్నగా, ఒకే వేగంతో సాగడం కొంత నయం; ఆగి కదలడం, వేగం పెంచడం తగ్గించడం, పక్కకు జరగడం, మెట్లెక్కడం, ముఖ్యంగా జాయ్‌స్టిక్‌తో మెల్లగా చుట్టూ తిరగడం ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కారు, విమానం లోపల కూర్చుని నడిపే ఆటల్లో కళ్ల ముందు కదలని చట్రం ఒకటి ఉండడం కొందరికి సాయపడుతుంది.

ఆట సెట్టింగుల్లో సౌకర్యం అనే విభాగం కనిపిస్తుంది. అందులో ఏం మార్చాలి?

ముందుగా తిరిగే పద్ధతిని మార్చండి. మెల్లగా తిరగడానికి బదులు 30 లేదా 45 డిగ్రీల చొప్పున ఒక్కసారిగా తిరిగే స్నాప్ టర్న్ పెట్టుకుంటే, తిరుగుతున్న దృశ్యమే కనిపించదు కాబట్టి చెవితో పేచీ రాదు. నడకకు బదులుగా ఎదుటి చోటును చూపించి అక్కడికి చేరే టెలిపోర్ట్ పద్ధతి కూడా అందుకే హాయిగా ఉంటుంది. నిజమే, అది కొంత కృత్రిమంగా అనిపిస్తుంది, ఆటలో లీనమైన భావం తగ్గుతుంది. అయినా కొత్తవారు దాంతోనే మొదలుపెట్టాలని నా సలహా.

మూడోది, కదులుతున్నంతసేపు చూపు అంచులు చీకటిగా మారే ఏర్పాటు. కదలిక భ్రమను కలిగించడంలో చూపు అంచుల పాత్ర పెద్దది. దాన్ని మూసేస్తే భ్రమ బలహీనపడుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫెర్నాండెస్, ఫైనర్ 2016లో ప్రచురించిన ప్రయోగంలో, దృశ్య పరిధిని మెల్లగా కుదిస్తూ విస్తరిస్తూ ఉంటే అసౌకర్యం తగ్గిందనీ, పాల్గొన్నవారిలో చాలామంది ఆ మార్పును గమనించనే లేదనీ తేలింది. ఇది ఆటలో ఉంటే పూర్తి స్థాయిలో పెట్టుకుని, అలవాటైన కొద్దీ తగ్గించుకోవచ్చు. నడుస్తున్నప్పుడు తల పైకీ కిందికీ ఊగినట్టు చూపే ఏర్పాటు ఉంటే దాన్ని మొహమాటం లేకుండా తీసేయండి.

360 డిగ్రీల వీడియోలు (తల ఎటు తిప్పితే అటు దృశ్యం కనిపించేవి) చూసినా తల తిరుగుతోంది. అందులో నేను నడవడం లేదు కదా?

వీడియో తీసిన కెమెరా కదిలి ఉంటే అది మీకు తెలియకుండా మిమ్మల్ని నడిపించినట్టే. కెమెరాను స్థిరంగా ఉంచి తీసిన వీడియోలతో కూడా ఒక చిక్కుంది: తల తిప్పితే దృశ్యం తిరుగుతుంది గానీ, తల ముందుకు వంచినా పక్కకు జరిపినా దృశ్యం జరగదు, లోకమంతా తలతో పాటే వస్తున్నట్టుంటుంది. ఫోనును పెట్టెలో బిగించి వాడిన పాత పరికరాల్లోనూ ఇదే లోపం ఉండేది. వీడియోలు చూసేటప్పుడు వెనక్కు ఆనుకుని, తలను జరపకుండా కేవలం తిప్పుతూ చూస్తే బాగుంటుంది.

రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త చిత్రం చూపుతుందన్న లెక్క) ఎక్కువున్న ఖరీదైన హెడ్‌సెట్ కొంటే సమస్య పోతుందా?

కొంత తగ్గుతుంది, పోదు. తల కదిపిన క్షణానికీ, దానికి తగిన చిత్రం కంటికి చేరిన క్షణానికీ మధ్య జాప్యం సుమారు 20 మిల్లీసెకన్లకు లోబడి ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే కొలత. 90 హెర్ట్జ్ తెర మీద, అంటే సెకనుకు 90 చిత్రాలు చూపే తెర మీద, ఒక్కో ఫ్రేమ్ (చిత్రం) సుమారు 11 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఆక్యులస్ సంస్థ 2013లో డెవలపర్లకు ఇచ్చిన తొలి హెడ్‌సెట్ తల తిరగడాన్ని మాత్రమే గుర్తించేది. 2014 నాటి రెండో నమూనాలో తల జరగడాన్ని గుర్తించే ఏర్పాటు వచ్చింది. 2016లో మార్కెట్లోకి వచ్చిన రిఫ్ట్, వైవ్ హెడ్‌సెట్లు 90 హెర్ట్జ్‌తో పనిచేశాయి. ఆ కొద్ది ఏళ్లలో జరిగిన మార్పు అపారమైనది. కొన్నేళ్ల కిందట ఎక్కడో చూసి అప్పుడే ఇది నాకు సరిపడదని తీర్మానించుకున్నవారు ఇంకోసారి ప్రయత్నించడంలో అర్థముంది.

అయితే పరికరం జాప్యాన్ని తగ్గించగలదు గానీ, జాయ్‌స్టిక్ నడకలోని వైరుధ్యాన్ని తగ్గించలేదు. తెర ఎంత స్పష్టంగా ఉన్నా చెవికి అందని కదలిక అందదు. కంప్యూటరుకు కలిపి వాడేవారు మాత్రం ఒకటి చూసుకోవాలి: ఫ్రేములు తప్పిపోతూ, దృశ్యం తడబడుతుంటే చిత్ర నాణ్యతను తగ్గించైనా సరే నిలకడ తెచ్చుకోవాలి. అందమైన తడబాటు కన్నా సాదా నిలకడ వందరెట్లు నయం.

నాకు వికారం లేదు, కళ్లు లాగడం, తలనొప్పి మాత్రమే. అది ఎందుకు?

మొదట లెన్సుల మధ్య దూరం చూసుకోండి. పెద్దవారిలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. మనిషికీ మనిషికీ పది మిల్లీమీటర్లకు పైగా తేడా ఉండవచ్చు. 2020లో వచ్చిన క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్‌లో 58, 63, 68 మిల్లీమీటర్లు అనే మూడు స్థానాలే ఉండేవి. 2023 నాటి క్వెస్ట్ 3లో చిన్న చక్రాన్ని తిప్పి 58 నుంచి 71 దాకా ఎక్కడైనా నిలుపుకోవచ్చు. మీ కొలతను కళ్లద్దాలు అమర్చేవారు క్షణంలో చెబుతారు. స్త్రీలకు వీఆర్ వికారం ఎక్కువన్న మాటను పరిశీలించిన ఒక బృందం, హెడ్‌సెట్ లెన్సుల దూరం చాలామంది స్త్రీల కళ్లకు సరిపోకపోవడమే అందులో ప్రధాన కారణమని 2020లో ప్రకటించింది. దోషం శరీరానిది అనుకున్నది చాలావరకు కొలతది అని తేలడం గమనించదగినది.

ఇంకొక కారణం సెట్టింగులతో తీరనిది. చాలా హెడ్‌సెట్లలో లెన్సులు చిత్రాన్ని ఒకటి రెండు మీటర్ల దూరంలో స్థిరంగా నిలుపుతాయి. ముఖానికి దగ్గరగా ఉన్న వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి గానీ, కంటి కటకం మాత్రం ఆ స్థిర దూరానికే సర్దుకుని ఉండాలి. ఈ పెనుగులాట ఎక్కువసేపు సాగితే కళ్లు అలసిపోతాయి. వస్తువులను చేయి చాపినంత దూరంలో ఉంచి చూడడం, తరచుగా హెడ్‌సెట్ తీసి దూరంగా చూడడం మినహా దీనికి మార్గం లేదు. దూరపు చూపుకు అద్దాలు వాడేవారు హెడ్‌సెట్‌లోనూ వాటిని వాడాలి.

నిలబడి ఆడాలా, కూర్చునా?

శరీరం చేస్తున్న పని, తెర మీద పాత్ర చేస్తున్న పని దగ్గరగా ఉండాలి: కారు నడిపే ఆటకు కూర్చోండి, నడిచే ఆటకు నిలబడండి. తిరగవలసినప్పుడు వీలైతే జాయ్‌స్టిక్‌ను వదిలి శరీరాన్నే తిప్పండి. ముఖానికి గాలి తగిలేలా ఫ్యాను పెట్టుకుంటే ఉక్క తగ్గుతుంది, గది ఎటు ఉందో కూడా తెలుస్తుంది. ఖాళీ కడుపుతోనూ, కడుపు నిండా తిన్న వెంటనే కూడా ఆడకూడదు. నిద్ర చాలని రోజు, జలుబుతో చెవులు బిగదీసుకున్న రోజు, మద్యం తాగి ఉన్నప్పుడు హెడ్‌సెట్ జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

మాత్రలు, అల్లం, వికారం తగ్గేందుకు మణికట్టును నొక్కేలా పెట్టుకునే పట్టీలు పనిచేస్తాయా?

ప్రయాణ వికారానికి వాడే మాత్రల్లో చాలావరకు మగత కలిగిస్తాయి. సరదాగా ఆడే ఆట కోసం మగత మాత్ర వేసుకోవడం, దాని ముసుగులో హెచ్చరికలను తెలియనీయకుండా చేసుకోవడం తెలివైన పనిగా నాకు తోచదు. ఉద్యోగరీత్యా హెడ్‌సెట్ తప్పనిసరైనవారు వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. అల్లం విషయంలో ప్రయోగాల ఫలితాలు ఒక్కలా లేవు, పెద్దగా హాని కూడా లేదు. పట్టీల విషయంలోనూ ఫలితాలు పొంతన లేనివే.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

మైగ్రేన్ ఉన్నవారు, చిన్నప్పటి నుంచి ప్రయాణాలు పడనివారు, లోపలి చెవి జబ్బులున్నవారు, గర్భిణులు. మూర్ఛవ్యాధి ఉన్నవారు వికారంతో సంబంధం లేకుండా, మెరిసే దృశ్యాల ప్రమాదం దృష్ట్యా, వైద్యుడి సలహా లేకుండా వాడనే కూడదు. పిల్లల విషయంలో తయారీదారు పెట్టిన కనీస వయసును పాటించండి. పిల్లలు తమకు కలిగే బాధను వెంటనే చెప్పకపోవచ్చు, ఆట ఆగిపోతుందన్న భయంతో దాచవచ్చు కూడా. అందుచేత వారి ముఖం పాలిపోయిందేమో పెద్దలే గమనిస్తూ ఉండాలి.

హెడ్‌సెట్ తీసేశాక కూడా నేల ఊగినట్టుంది. అప్పుడు బండి నడపవచ్చా?

నడపకూడదు. కొత్త పొందికకు సర్దుకున్న మెదడు మళ్లీ మామూలు లోకానికి సర్దుకోవడానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. ఆ వ్యవధిలో చేయి చాచిన చోటు తప్పడం, అడుగు తడబడడం, తన చేతులే తనవి కానట్టు అనిపించడం జరగవచ్చు. సిమ్యులేటర్‌లో అస్వస్థతకు గురైన సైనిక పైలట్లను కొన్ని గంటలపాటు నిజమైన విమానం నడపనివ్వకపోవడానికి కారణం ఇదే. పూర్తిగా తేరుకునే దాకా మెట్లు దిగేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండండి. ఒక రోజు గడిచినా తగ్గకపోయినా, గది గిర్రున తిరుగుతున్నట్టున్నా, చెవిలో హోరు వచ్చినా, వినికిడి తగ్గినా, అది హెడ్‌సెట్ వల్లేనని సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవాలి.

విమానంలో, కారులో ప్రయాణిస్తూ హెడ్‌సెట్ వాడవచ్చా?

హెడ్‌సెట్‌లోని సెన్సర్లు వాహనం కదలికను కూడా మీ తల కదలికగా లెక్కగడతాయి, అందువల్ల మలుపు రాగానే దృశ్యం పక్కకు కొట్టుకుపోతుంది. దీన్ని సరిదిద్దడానికి ఆపిల్ విజన్ ప్రో, క్వెస్ట్ వంటి వాటిలో విమాన ప్రయాణానికి ప్రత్యేకమైన మోడ్ ఉంది. అది పెట్టుకుని కదలని తెర మీద సినిమా చూడడం వరకు ఫరవాలేదు. ప్రయాణాలు పడనివారు అది కూడా మానుకోవాలి.

కొనేముందు నాకు పడుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఎవరి దగ్గరైనా అడిగి, మీ కళ్లద్దాలతోనే, లెన్సుల దూరం మీ కొలతకు మార్చుకుని చూడండి. మొదట నిలబడి ఆడే ఆట ఒకటి, ఆ రోజుకు అంతే. ఇబ్బంది లేకపోతే మరో రోజు జాయ్‌స్టిక్ నడక ఉన్న ఆటను టెలిపోర్ట్‌తో, ఆ తరవాత అది లేకుండా ప్రయత్నించండి. మొదటి రకంతోనే వికారం వస్తే లెన్సులు, హెడ్‌సెట్ పట్టీ బిగువు మరోసారి సరిచూసుకోండి. అప్పటికీ వస్తే కొనడం వాయిదా వేయండి. మొదటి రకంలో హాయిగా ఉండి, రెండో రకంలో మాత్రమే కళ్లు తిరిగితే కొనడానికి సందేహించనక్కరలేదు, ఎందుకంటే జాయ్‌స్టిక్ నడక లేని ఆటలు, అనుభవాలు మీకు కావలసినన్ని దొరుకుతాయి.